పెళ్లి బస్సు సినిమా

ఆ ఎండాకాలం నాకు ఎండతో గుర్తులేదు, నిద్రతో గుర్తుంది. ఎక్కడ ఆగితే అక్కడ నిద్ర ముంచుకొచ్చేది. కోదాడ బస్టాండులో నిలబడి నిద్రపోయాను. కుట్టుమిషను మీద తల ఆనించి నిద్రపోయాను. పెళ్లిళ్ల సీజను కదా, జాకెట్లు గుట్టలు పడి ఉండేవి. ఒకసారి ఎవరో పెళ్లికూతురి జాకెట్టుకు రెండు ఎడమ చేతులే కుట్టి, ఇది ఎందుకు కుదరడం లేదా అని సగం పొద్దు దాన్నే తిప్పి తిప్పి చూశాను.

వారానికి మూడు రోజులు మా ఆయన వీరేశాన్ని సూర్యాపేట దవాఖానకు తీసుకుపోవాలి. ఆయన రెండు కిడ్నీలూ పని మానేశాయి. ఒంట్లో రక్తాన్ని మిషనులోకి తీసి, కడిగి, మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. కోదాడలో మంచం ఖాళీ లేదన్నారు, సూర్యాపేటలో పొద్దుటి షిఫ్టు దొరికింది. చీకటితోనే లేచి వండి, డబ్బా కట్టి, బస్సు ఎక్కాలి. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు, సీటు అంతకన్నా లేదు. ఆయన్ని ఎవరినో బతిమాలి కూర్చోబెట్టి, నేను కమ్మీ పట్టుకుని వేలాడేదాన్ని.

వీరేశం బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కోదాడ చుట్టుపక్కల ఎన్ని చేలకు నీళ్లు పారించాడో. అలాంటి మనిషికి రోజుకు ఇన్నే నీళ్లని గ్లాసుతో కొలిచి ఇవ్వాల్సి వచ్చింది. ఉప్పు లేదు, పప్పు లేదు, పెరుగు లేదు, పండు లేదు. తిండీ నీళ్లూ తగ్గితే మాట కూడా తగ్గుతుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. అక్కడ మిషను మంచం మీదా గోడవైపే. అన్నం తిన్నావా అంటే ఊ. నొప్పిగా ఉందా అంటే ఊహూ. చుట్టాలు వచ్చి "ఎట్లున్నడు" అని నన్నే అడిగేవాళ్లు, పక్కనే మనిషి ఉండగా.

మిషన్ల గదికి అద్దాల తలుపు. వెంట వచ్చినవాళ్లం బయట బెంచీ మీద కూర్చోవాలి. లోపల టెక్నీషియన్ సంతోషి ఉండేది. చురుకైన పిల్ల, నోరు కొంచెం పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఆ షిఫ్టులో మా ఆయన పక్కమంచం ధన్‌సింగ్‌ది. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి దిగిపోయిన మనిషి, సూర్యాపేట అవతలి తండా. ఎదురు మంచం బాలమ్మది, నాట్లు వేసి బతికిన మనిషి. ఇంకా ఒకరిద్దరు ఉండేవాళ్లు గానీ వాళ్లు వంత పాడేవాళ్లే.

గొడవ టీవీ దగ్గర మొదలైంది. ఉన్నది ఒక్క టీవీ. ధన్‌సింగ్‌కు కామెడీ సినిమా కావాలి. ఏ ఊళ్లో నైట్ హాల్ట్ పడితే ఆ ఊళ్లో రెండో ఆట చూసి పడుకున్న మనిషి ఆయన. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ హాళ్లలో ఆడిన కామెడీ సినిమాల్లో తనకు తెలియనిది లేదని ఆయన నమ్మకం. అన్నింట్లోకీ నంబర్ వన్ ఏదని ఒకరోజు ఆయన లేవదీసిన మాట ఎండాకాలమంతా నడిచింది. ఆయన ఓటు ఎద్దు సినిమాకు. తప్పిపోయిన ఎద్దు కోసం ఊరంతా వెతుకుతుంటే, ఆ ఎద్దు వాళ్ల వెనకాలే నడుస్తూ ఉంటుందట. బాలమ్మ ఓటు ఇద్దరు బావమరుదులు చెవిటివాళ్లుగా నటించే సినిమాకు. చంటిపిల్ల ఏడ్చిందని ఆమె దాన్ని ఇంటర్వెల్ దాకే చూసింది. మిగతా కథ చెప్పబోతే చెవులు మూసుకునేది. సగంతోనే ఇన్నేళ్లు నవ్వాను, మిగతా సగం మీరే ఉంచుకోండి అనేది.

ఆ గదిలో నవ్వడం కూడా ఒక విద్యే. సూదులు గుచ్చిన చెయ్యి కదలకూడదు. కదిలితే గొట్టం నొక్కుకుని మిషను కూస్తుంది. అందుకని వాళ్లు భుజం నుంచి కింద కట్టెలా ఉంచి, మెడ పైన మాత్రమే నవ్వేవాళ్లు. ఆపుకోలేక ఎవరి మిషను కూసినా ఆ సినిమాకు ర్యాంకు పెరిగినట్టే. ఇది ధన్‌సింగ్ పెట్టిన లెక్క. సంతోషికి ఒళ్లు మండి టీవీని భక్తి ఛానలుకు మార్చి రిమోటు జేబులో వేసుకుంది. అయినా లాభం లేకపోయింది. వాళ్లు సీన్లు నోటితో చెప్పుకోవడం మొదలుపెట్టారు, మిషన్లు ఇంకా ఎక్కువ కూశాయి.

ధన్‌సింగ్‌కు ఇంకో నియమం ఉండేది. చివర్లో ఏడిపించే సినిమా ఎంత నవ్వించినా కామెడీ కిందికి రాదు. దాని మీద పెద్ద వాదన. నవ్వి నవ్వి కూడా కండ్లల్ల నీళ్లు వస్తయి గదా, గవి ఏ నీళ్లో ఎట్ల తెలుస్తదని బాలమ్మ అడిగింది. ఆయన నియమం మాత్రం మార్చలేదు.

ఒకరోజు నేను లైనింగు గుడ్డ కోసం సూర్యాపేట బజారుకు పోయి వచ్చేసరికి సంతోషి తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆయనకేమైందోనని పరుగెత్తాను. ఆమె మాత్రం నవ్వుతోంది. మీ ఆయన ఇవాళ అందరి మిషన్లూ కూయించాడు అక్కా అంది. ధన్‌సింగ్ అడిగి అడిగి విసిగిస్తే గోడ నుంచి ఇటు తిరిగి, పెళ్లి బస్సు సినిమా అని ఒకటి చెప్పాడట. అందరూ నవ్వు ఆపుకోలేకపోయారట. నేను నమ్మలేదు. మా ఆయన సినిమాలు చూసిందీ తక్కువే, చెప్పింది అసలే లేదు.

తిరుగు బస్సులో అడిగాను, ఏం సినిమా అని. పాతది, నువ్వు చూడలేదు అన్నాడు. ఆ వారమే ఆయన గడ్డం గీసుకున్నాడు. దవాఖానకు పోయే రోజు ఇస్త్రీ చొక్కా కావాలన్నాడు. మిషనుకు పోవడానికి ఇస్త్రీ ఏమిటని నవ్వుకున్నాను గానీ, నిద్రకళ్లతోనే చేసి పెట్టాను. పెళ్లి బస్సు సినిమా ర్యాంకులు ఎక్కుతూ పోయింది. వెళ్లినప్పుడల్లా మళ్లీ చెప్పమనేవాళ్లు. ఆయన్ని అక్కడ ఎవరూ ఎలా ఉన్నావని అడగరు. పెళ్లి బస్సు వచ్చిండా అని అడుగుతారు. మంచాన పడ్డ మనిషికి ఆ పేరు ఎంత బలమో నేను కళ్లారా చూశాను.

ధన్‌సింగ్‌కు మాత్రం అనుమానం. ఆ సినిమాకు పేరు లేదు, హీరో ఎవరో తెలియదు. మిర్యాలగూడలో నాలుగు రోజులు ఆడి పోయిందని మా ఆయన అంటాడు. ఆ ఏళ్లల్లో మిర్యాలగూడ హాల్ట్ తనదే, మరి తనెందుకు చూడలేదని ధన్‌సింగ్ గొణుగుతాడు.

రోహిణి కార్తె వచ్చాక ఒక రోజు, బజారు పనేమీ లేక నేను తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి. లోపల మా ఆయన గొంతు. పెళ్లికొడుకు బస్సు బయల్దేరింది. డ్రైవరు కొత్తవాడు. దారి తెలిసిన పెద్దమనిషి కల్లు తాగి వెనక సీట్లో పడిపోయాడు. ఒక ఊరి మొదట్లో సన్నాయి మోగుతుంటే, ఎదురుకోళ్లకు వచ్చింది మనకోసమే అనుకుని బస్సు ఆపారు. వాళ్లూ తమ పెళ్లికొడుకే వచ్చాడనుకున్నారు. బొట్లు పెట్టి, షర్బతు ఇచ్చి, విడిదిలో కాళ్లు కడిగి, భోజనాలు పెట్టారు. రెండో బంతి లేస్తుండగా అసలు పెళ్లికొడుకు బస్సు వచ్చింది. బాసింగం కట్టుకున్న ఇద్దరు పందిట్లో ఎదురుబొదురు నిలబడ్డారు. "అప్పటికే మన హీరో సిగ్గుపడుకుంట సిగ్గుపడుకుంట మూడు గారెలు తిన్నడు" అన్నాడు మా ఆయన. లోపల మిషను కూసింది.

నాకూ నవ్వొచ్చింది. అంతలోనే నిద్ర వదిలిపోయింది. ఆ బస్సు నాకు తెలుసు. పాలకీడులో మా నాయన ఇంటి ముందు, పసుపు బట్టలతో పీట మీద కూర్చుని పొద్దు వాలేదాకా నేను ఎదురు చూసింది ఆ బస్సు కోసమే. ఆ బాసింగం కట్టుకున్నవాడు నా మొగుడు.

మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడుతుందని మా అమ్మ అప్పుడే నోళ్లు మూయించింది. వీరేశం కూడా పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్కసారీ దాని మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఊరుకాని ఊళ్లో, ఎవరో నలుగురి ముందు దాన్ని సినిమా చేసి ఆడిస్తున్నాడు. పైగా మూడు గారెలు తిన్నాడట. ఆ గారెల సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు.

ఆ రోజు బస్సులో ఆయన పలకరిస్తే, తలనొప్పి అన్నాను. కోపం తలనొప్పి కన్నా పెద్దదిగా ఉంది. చీకటితో లేచి, నిలబడి ప్రయాణం చేసి, నీళ్లు కొలిచి తాగించి నేను ఈయన్ని బతికించుకుంటుంటే, ఈయన నా ఏడుపును ర్యాంకులకు పెట్టాడు. లోపలికి పోయి, అది సినిమా కాదు, నా పెళ్లి అని ధన్‌సింగ్‌కు చెప్పేయాలనిపించింది. మర్నాడు ముందు ఈయన్నే కడిగేద్దామని నోరు తెరిచాను. అద్దం ముందు నిలబడి జాగ్రత్తగా మీసం కత్తిరించుకుంటున్నాడు. నోరు మూసుకున్నాను.

తొలకరి పడిన వారం ధన్‌సింగ్ ఒక మాట చెప్పాడు. కొడుకు దగ్గర హైదరాబాదులో మంచం దొరికింది, ఇవాళ్టితో సూర్యాపేట ఖతం. పోయేలోపు నంబర్ వన్ తేల్చాలి. మిగిలినవి రెండే, ఎద్దు సినిమా, పెళ్లి బస్సు. తలుపు కొంచెం తెరిచే ఉంది, నాకు అన్నీ వినిపిస్తున్నాయి.

"తమ్మీ, మా పోరగాడు ఫోన్ల అంత దేవులాడిండు. గట్లాంటి సినిమా లేదు" అన్నాడు ధన్‌సింగ్. కోపంగా కాదు, బస్సు ఫెయిలైందని ప్రయాణికులకు చెప్పినట్టు చెప్పాడు. "ఓడితే ఓడు, పర్వాలే. లేని సినిమాను ఉన్నదని చెప్పుడు మాత్రం మంచిగ లేదు."

ఉన్నది అన్నాడు మా ఆయన. నీతో ఎవరైనా చూశారా అని ధన్‌సింగ్ అడిగాడు. గదిలో ఎవరూ నవ్వడం లేదు. మా ఆయన తల మెల్లగా గోడవైపు తిరుగుతోంది. ఎండాకాలం మొదట్లో నేను రోజూ చూసిన తిరుగుడు అది.

సంతోషికి ఏం తోచిందో, తలుపు పూర్తిగా తెరిచింది. "అక్కా, జర లోపలికి రా. అన్న ఎంబడి గా సినిమాకు నువ్వు గూడ పోయినవా?"

చేతిలో హెమ్మింగు జాకెట్టు అలాగే పట్టుకుని లోపలికి పోయాను. అందరూ నన్నే చూస్తున్నారు, ఆయన తప్ప. ఆయన గోడనే చూస్తున్నాడు. లేదు అంటే నిజం చెప్పినదాన్ని అవుతాను, కోపమూ తీరుతుంది. కానీ ఆ మనిషి మళ్లీ ఇటు తిరగడు. చూశాను అంటే నా పెళ్లి ఇక ఎప్పటికీ సినిమానే. నాకు చాలా అలసటగా ఉంది. అంత అలసటలో కోపాన్ని మోయడం కూడా కష్టమే.

"సూసిన" అన్నాను. "కని ఈయన మీకు సగమే సెప్తున్నడు అన్నా. బస్సుల సంగతే సెప్తడు. పిల్ల ఇంటికాడ ఏమైందో ఈయన సూడలే."

చెప్పడం మొదలుపెట్టాను. ముహూర్తం దాటిపోయింది. పెళ్లికొడుక్కి ముందే ఇంకో సంసారం ఉందని ఒకామె పుట్టించింది. ఇంకొకామె దానికి ఇద్దరు పిల్లల్ని కూడా కలిపింది. పిల్ల పరువు పోతుంది, నా కొడుకు సైదులుకే కట్టబెడదాం అని మేనమామ లేచాడు. ఆ మాట చెవిన పడగానే సైదులు మాయం. మోగకపోతే పెళ్లి ఆగిపోయిందనుకుంటారని సన్నాయి వాళ్లను ఆపనివ్వడం లేదు, వాళ్ల బుగ్గలు వాచిపోయాయి. ఊరు ఊరంతా ఇప్పుడు ఇద్దరు పెళ్లికొడుకుల కోసం వెతుకుతోంది. ఒకడి కోసం రోడ్డు మీద, ఇంకొకడి కోసం దొడ్లల్లో. చివరికి సైదులు గడ్డివాములో దొరికాడు. చెయ్యి పట్టి గుంజితే చొక్కా చెయ్యి ఊడొచ్చింది గానీ సైదులు రాలేదు. వాచీ పెట్టిస్తా బిడ్డా అని వాళ్లమ్మ బతిమాలింది. "నాకు వాచీ వద్దు, పిల్ల వద్దు, నన్ను గీ గడ్డిల్నే ఉండనియ్యున్రి" అన్నాడు. పీట మీద కూర్చున్న పిల్లకు ఇదంతా వినబడుతూనే ఉంది. ఒక పెళ్లికొడుకు రాడు, ఉన్న పెళ్లికొడుకు వద్దంటాడు.

బాలమ్మ మిషను ముందు కూసింది. తరువాత ఇంకోటి. సంతోషి ఒకదాన్ని ఆపి ఇంకోదాని దగ్గరికి పరుగెత్తుతూ తనే నవ్వుతోంది. నాకూ నవ్వు ఆగలేదు. ఆ రోజు చచ్చిపోదామనుకున్నాను, నిజంగా. ఇప్పుడు తల నిండా గడ్డితో సైదులు కళ్ల ముందు కనిపిస్తే, ఎంత అమాయకుడు పాపం అనిపించింది. మా ఆయన ఇటు తిరిగాడు. ఆయన నవ్వడం లేదు. నన్నే చూస్తున్నాడు. సైదులు సంగతి ఆయనకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

ధన్‌సింగ్ కూడా నవ్వడం ఆపేశాడు. "మరి పిల్ల తండ్రి ఏం జేసిండు చెల్లె?"

"బస్సు వచ్చింది. పంతులు ఇంకో ముహూర్తం దీసిండు, పెండ్లయితే అయింది" అన్నాను. "కని వచ్చినోళ్లందరు ఆడ తినే వచ్చిన్రు. ఒక్కలు గూడ ఇస్తరాకు ముందట కూసోలే. తండ్రి గంటె పట్టుకొని నిలబడ్డడు."

"తర్వాత?"

"గది సినిమాల సూపియ్యలే అన్నా."

ధన్‌సింగ్ కాసేపు పైన ఫ్యానును చూశాడు. ఎన్నో ఏళ్లు రోడ్డును చూసిన కళ్లు, ఆయనకు అర్థమైందని నాకు తెలిసిపోయింది. "ఇప్పుడు యాదికొచ్చింది" అన్నాడు. "గీ సినిమా నేను గూడ సూసిన. మిర్యాలగూడలనే. నంబర్ వన్ ఇదే."

చివర్లో ఏడిపిస్తే కామెడీ కాదంటివి గదా అని బాలమ్మ గుర్తుచేసింది. డ్రైవరు మాట మీద బస్సు నడుస్తది, ఊకో అన్నాడు ఆయన. తన సగం సినిమాకు రెండో ర్యాంకన్నా ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. ఎద్దు మూడో స్థానానికి పోయింది.

తిరుగు బస్సులో ఆ రోజు ఇద్దరికీ సీటు దొరికింది. బయట సన్నగా వాన. మిషను మీది నుంచి దిగిన రోజు ఆయన ఒంట్లో సత్తువ ఉండదు, నా భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంటాడు. మునగాల దాటేదాకా అలాగే ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాను. నాకూ నిద్ర వస్తోంది.

"నాగరాణీ" అన్నాడు, కళ్లు తెరవకుండానే. "గా దినం మీ నాయన ఏమేం వండిచ్చిండు?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. మా నాయన జానయ్య తన మందలోంచి పొట్టేళ్లను ఏడాది ముందే ఏరి పెట్టుకున్నాడు నా పెళ్లికని. ఆ సాయంత్రం అన్నం బండికెత్తి పశువులకు పోయించాడు, కూర గుంతలో పూడ్పించాడు. తరువాత చనిపోయేదాకా అల్లుడు గడప తొక్కినప్పుడల్లా కోడిని కోశాడు గానీ, ఆ రోజు బాకీ ఆయనకు తీరలేదు.

"బగారన్నం" అన్నాను.

"ఇంకా?"

"పొట్టేలు కూర. తలకాయ కూర వేరేగ. ముసలోళ్లకు బోటి."

"ఇంకా?"

వంకాయ కూర అన్నాను. మామిడికాయ పప్పు. పచ్చిపులుసు. గారెలు అన్నప్పుడు ఆయన పెదవి కొంచెం కదిలింది. బెల్లం బూరెలు. మట్టి అటికలలో తోడేసిన గడ్డ పెరుగు. అందులో ఒక్కటి కూడా ఆయన ఇప్పుడు తినకూడదు. ఒక్కొక్క పేరు దగ్గర ఆగుతున్నాడు, అది అయ్యాకే ఇంకా అంటున్నాడు. నేనూ తొందరపడలేదు. మా నాయన వడ్డించే వరుసలోనే చెప్పుకొచ్చాను. చివర్లో తమలపాకు, వక్క కూడా చెప్పాను.

ఆయన ఇంక అడగలేదు. కోదాడ ఇళ్లు కనిపిస్తున్నాయి. సంచి సర్దుకుంటుంటే, నా భుజం మీది నుంచి తల ఎత్తకుండానే అన్నాడు.

"మీ నాయన మంచిగ పెట్టిండు."